భారీ పొద్దుతిరుగుడు ఎత్తు ఎక్కడ ఆగిపోతుంది? నారు మార్పిడిలో పోయే రోజుల లెక్క

సంక్షిప్తంగా: భారీ రకం పొద్దుతిరుగుడు ఒకే కాండంతో, ఒకే కొనమొగ్గతో ఎదిగి, ఒక్కసారి పూసి ముగిసిపోయే మొక్క. అది ఎన్ని ఆకులు వేస్తుందో, పువ్వు ఎంత పెద్దదవుతుందో మొలకెత్తిన తొలి నాలుగైదు వారాల్లోనే చాలావరకు ఖరారవుతుంది. నారు తీసి నాటినప్పుడు తల్లివేరు దెబ్బతిని మొక్క స్తంభించే రోజులు సరిగ్గా ఈ వ్యవధిలోనే పడతాయి. అందువల్ల నేరుగా విత్తడం మేలు. నారు తప్పనిసరైన చోట తొలి జత ఆకులు విప్పుకునే సమయానికే, వేరు కదలకుండా నాటాలి. వెచ్చని వాతావరణంలో మొక్క త్వరగా పూతకు వస్తుంది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

పొద్దుతిరుగుడును పొలంలో చూసినవారికి అది నడుము దాటి, మహా అయితే మనిషి తలెత్తు ఎదిగే పంట. ఆన్‌లైన్‌లో మమ్మత్, రష్యన్ జెయింట్, అమెరికన్ జెయింట్, స్కైస్క్రేపర్ వంటి పేర్లతో అమ్మే గింజల పొట్లాల మీద మాత్రం మూడు మీటర్లు, నాలుగు మీటర్లు అన్న అంకెలు కనిపిస్తాయి. 2014లో జర్మనీలోని కార్స్ట్ పట్టణంలో హాన్స్ పీటర్ షిఫర్ పెంచిన మొక్క 9.17 మీటర్ల ఎత్తుతో గిన్నిస్ రికార్డు సాధించి, దశాబ్దానికి పైగా ఆ స్థానంలో నిలిచింది. 2025లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఫోర్ట్ వేన్ నగరంలో అలెక్స్ బాబిచ్ పెంచిన మొక్క 10.9 మీటర్లతో దాన్ని దాటింది. ఇలాంటి వార్తలు చదివి గింజలు తెప్పించుకుని, మిరప నారు పోసినట్టే ట్రేలో పోసి, నెల తర్వాత పెరట్లోనో మిద్దె మీదనో నాటినవారికి తరచుగా దక్కేది నాలుగడుగుల మొక్క, దాని చివర అరచేయంత పువ్వు.

గింజలు నకిలీవన్న అనుమానం వెంటనే కలుగుతుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. అయితే గింజ అసలైనదైనా ఇదే ఫలితం రావడానికి బలమైన కారణాలున్నాయి. అవి మొక్క ఎదిగే తీరులోనూ, వేరు నిర్మాణంలోనూ, పెంచే చోటి వాతావరణంలోనూ ఉన్నాయి. నాటిన తర్వాత వేసే ఎరువుతో వాటిని సరిదిద్దడం సాధ్యం కాదు.

పెరుగుదల ఆగినా వయసు ఆగదు

పొద్దుతిరుగుడు కాండం ఎత్తు రెండింటి మీద ఆధారపడుతుంది: మొక్క మొత్తంగా ఎన్ని కణుపులు వేసింది, ఒక కణుపుకూ మరో కణుపుకూ మధ్య కాండం ఎంత సాగింది. కణుపుల సంఖ్యను నిర్ణయించేది కాండం చివరన ఉండే కొనమొగ్గ. మొలకెత్తిన నాటి నుంచి అది వరుసగా ఆకు మొలకలను తయారు చేస్తూ పోతుంది. ఒక దశకు చేరాక ఆ పని ఆపి, పువ్వు పళ్లెం తయారీకి మళ్లుతుంది. ఆ మలుపు తిరిగిన తర్వాత కొత్త ఆకు పుట్టదు. అప్పటికే లోపల పుట్టి ఉన్న ఆకులు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి, వాటి మధ్య కాండం సాగుతుంది, అంతే.

పొలంలో వేసే రకాల్లో ఈ మలుపు మొలకెత్తిన మూడు నాలుగు వారాలకు, బయట ఎనిమిది పది ఆకులు కనిపిస్తున్న దశలో వస్తుంది. భారీ రకాల్లో ఇంకొంత ఆలస్యంగా వస్తుంది, వాటి ఎత్తు రహస్యంలో పెద్ద భాగం ఈ ఆలస్యమే. పువ్వు మధ్యలో ఎన్ని చిన్న పూలు ఏర్పడతాయో, అంటే చివరికి ఎన్ని గింజలకు చోటుంటుందో కూడా ఆ రోజుల్లోనే తేలుతుంది. కంటికి ఇంకా మొగ్గ కనిపించదు, మొక్క మోకాలెత్తు కూడా ఉండదు, అయినా దాని భవిష్యత్తులో సగానికి పైగా అప్పటికే రాసిపెట్టి ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. మొక్క బరువు, ఆకుల వైశాల్యం పెరగడం ఒక ప్రక్రియ. మొక్క ఒక దశ నుంచి మరో దశకు వయసు మీరడం మరొకటి. మొదటిది నీరు, వెలుతురు, పోషకాలు, వేరు ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. రెండోది ప్రధానంగా ఉష్ణోగ్రత మీద, కొంత పగటి నిడివి మీద ఆధారపడుతుంది. వేరు తెగి మొక్క వారం రోజులు వాడిపోయి కూర్చుంటే మొదటిది ఆగుతుంది, రెండోది దాదాపు అదే వేగంతో సాగిపోతుంది. వారం తర్వాత మొక్క కోలుకుని చూసేసరికి ఆకుల సంఖ్య అక్కడే ఉంటుంది, పూతకు మాత్రం వారం దగ్గరవుతుంది.

ఆ వారాన్ని చివర్లో భర్తీ చేసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అది కుదరకపోవడానికి కారణం తొలి దశలోని పెరుగుదల తీరు. చిన్న మొక్కలో ప్రతి కొత్త ఆకూ తర్వాతి ఆకులకు కావలసిన ఆహారాన్ని తయారు చేస్తుంది. ఆకుల వైశాల్యం వడ్డీ మీద వడ్డీ లెక్కన పెరుగుతుంది. నాలుగాకుల దశలో కోల్పోయిన వారం విలువ ఆ రోజుకు కొన్ని సెంటీమీటర్లే అనిపించినా, కొనమొగ్గ పువ్వు వైపు మళ్లే సమయానికి అది చాలా తక్కువ ఆకు వైశాల్యంగా, సన్నని కాండంగా, చిన్న పళ్లెంగా బయటపడుతుంది. తర్వాత ఎంత నత్రజని గుమ్మరించినా కణుపుల మధ్య దూరం కాస్త పెరిగి కాండం బలహీనపడుతుంది తప్ప, పుట్టని కణుపులు పుట్టవు.

తల్లివేరుకు తగిలే దెబ్బ

గింజ పగిలిన వెంటనే పొద్దుతిరుగుడు చేసే తొలి పని తల్లివేరును నిటారుగా కిందికి పంపడం. పైన బీజదళాలు (గింజలోంచే వచ్చే తొలి రెండు మందపాటి ఆకులు) రెండూ ఇంకా విప్పుకుంటున్నప్పుడే వేరు వేలెడు లోతు దాటుతుంది. అనుకూలమైన నేలలో పెద్ద మొక్క వేర్లు రెండు మీటర్ల లోతు వరకు వెళ్లగలవు. పొలంలో ఈ పంట బెట్టను తట్టుకునే గుణానికి ఈ లోతైన వేరే మూలం.

నారు పోయడానికి వాడే ప్లాస్టిక్ ట్రే గుంత లోతు సాధారణంగా నాలుగైదు సెంటీమీటర్లే. పది రోజులు తిరగకుండానే తల్లివేరు అడుగును తాకుతుంది. తాకిన తర్వాత రెండే దారులు: అడుగున ఉన్న రంధ్రం గుండా బయటికి వచ్చి గాలికి ఎండిపోవడం, లేదా అడుగునే చుట్టలు చుట్టుకోవడం. ట్రే ఎత్తి చూసినప్పుడు రంధ్రంలో తెల్లని వేరుకొన కనిపించిందంటే నాటే సమయం అప్పటికే దాటిపోతోందని అర్థం. గోధుమరంగుకు తిరిగిన కొన కనిపిస్తే ఆ వేరు ఇక నిటారుగా దిగదు.

ఎండిన లేదా తెగిన తల్లివేరు స్థానంలో పిల్లవేర్లు పుట్టుకొస్తాయి, మొక్క బతుకుతుంది. రెండడుగుల అలంకరణ రకానికి ఆ వేర్లు సరిపోతాయి కూడా. మూడు మీటర్ల కాండానికి, దాని చివర కిలోకు పైగా బరువు తూగగల పువ్వుకు మాత్రం అవి చాలవు. మధ్యలో లోతుగా దిగిన మేకులాంటి వేరు లేకపోతే, తడి నేలలో ఈదురుగాలి వీచిన రోజున మొక్క మొదలంటా ఒరుగుతుంది. నారు నుంచి పెరిగిన పొద్దుతిరుగుడు పూత సమయంలో పడిపోవడాన్ని చాలామంది గాలి తప్పుగానే చూస్తారు. ఆ మొక్కను పీకి చూస్తే వేర్లు పాత ట్రే గుంత ఆకారంలోనే ముద్దకట్టి కనిపించడం కద్దు.

తక్షణ నష్టం మరో రకంగా జరుగుతుంది. నేల నుంచి నీటిని పీల్చేవి వేర్ల చివర్లలో ఉండే నూగువేర్లు. మట్టి విదిలినప్పుడు ముందు పోయేవి అవే. పైన ఆకులు వెడల్పాటివి, పలుచనివి, నీటిని ఆవిరిగా వదలడంలో చురుకైనవి. ఖర్చు తగ్గక రాబడి పడిపోయేసరికి ఆకులు పత్రరంధ్రాలను మూసుకుంటాయి. దానితో నీరు మిగులుతుంది కానీ ఆహార తయారీ కూడా ఆగిపోతుంది. కొత్త నూగువేర్లు వచ్చేదాకా, వాతావరణాన్ని బట్టి ఐదారు రోజుల నుంచి పది రోజుల పైగా, మొక్క ఉన్నచోటనే ఉంటుంది. పైన చెప్పిన వారం ఇలా పోయే వారమే.

మిరప, టమాటా, కందితో పోలిక

నారు పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. వరి, మిరప, వంగ, టమాటా, ఉల్లి అన్నీ నారు పోసి నాటేవే. ఆ అలవాటుతోనే పొద్దుతిరుగుడును కూడా అదే గాటన కట్టడం జరుగుతుంది. తేడా మొక్క నిర్మాణంలో ఉంది. టమాటా కాండం మట్టిని తాకిన చోటల్లా కొత్త వేర్లు వేస్తుంది, లోతుగా పాతితే ఇంకా బలపడుతుంది. మిరప, వంగ కొమ్మలు వేసే మొక్కలు, నెలల తరబడి పూస్తూ కాస్తూ ఉంటాయి. నాటిన తొలి పది రోజులు పోయినా తర్వాతి కోతల్లో అది కలిసిపోతుంది. పొద్దుతిరుగుడుకు రెండో కొమ్మ లేదు, రెండో పూత లేదు.

లోతైన వేరున్న మొక్కను నాటడం అసాధ్యమేమీ కాదని కంది నిరూపించింది. కర్ణాటకలోని బీదర్ ప్రాంతంలో పాలిథిన్ సంచుల్లో కంది నారు పెంచి, వర్షాలు పడగానే పొలంలో నాటే పద్ధతి ప్రచారంలోకి వచ్చి మంచి ఫలితాలిచ్చింది. కంది ఐదారు నెలల పంట, విస్తారంగా కొమ్మలు వేస్తుంది, నాటేటప్పుడు కలిగిన జాప్యాన్ని పూడ్చుకునే తీరిక దానికి ఉంది. అక్కడ కూడా ట్రేలు కాక సంచులు వాడి, మట్టి ముద్ద చెదరకుండా నాటుతారు. పొద్దుతిరుగుడుకు ఆ పద్ధతిలోని సంచి పాఠం పనికొస్తుంది. నెల రోజుల ముదురు నారు నాటడం మాత్రం పనికిరాదు. పొలంలో పొద్దుతిరుగుడు సాగు చేసే రైతులు మొక్కజొన్న, బెండ లాగే దీన్నీ నేరుగా గింజ పెట్టి, రెండు వారాల్లో అదనపు మొక్కలను తీసేయడం వెనుక ఉన్న తర్కం ఇదే.

హైదరాబాద్ పెరడు, జర్మనీ పెరడు

రికార్డు మొక్కలు ఉత్తర దేశాల నుంచే రావడం యాదృచ్ఛికం కాదు. వయసు మీరడం ఉష్ణోగ్రతను అనుసరిస్తుందని పైన చెప్పుకున్నాం. శాస్త్రవేత్తలు దీన్ని లెక్కించేటప్పుడు రోజు సగటు ఉష్ణోగ్రత నుంచి ఒక కనీస ఉష్ణోగ్రతను తీసేస్తారు. పొద్దుతిరుగుడుకు ఆ కనీసాన్ని 6 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తీసుకోవడం పరిపాటి. సగటు 18 డిగ్రీలున్న చోట మొక్క వయసు ఖాతాలో రోజుకు 12 డిగ్రీలు జమ అవుతాయి. సగటు 28 డిగ్రీలున్న చోట 22 జమ అవుతాయి. అంటే అదే గింజ రెండో చోట దాదాపు రెట్టింపు వేగంతో పూత వైపు పరుగెడుతుంది. చల్లని చోట వంద రోజులకు పైగా వెలుతురు తాగి పూసే మొక్క, వెచ్చని చోట అంతకంటే ఎన్నో రోజుల ముందే పూసేస్తుంది. ఎత్తు పెరగడానికి దానికి దొరికిన పగళ్లే తక్కువ.

పగటి నిడివి కూడా తోడవుతుంది. కార్స్ట్‌లో జూన్ నెలలో పగలు 16 గంటలకు పైగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, అతి చిన్నది 11 గంటలు. పగటి నిడివికి పొద్దుతిరుగుడు స్పందన రకాన్ని బట్టి మారుతుంది: కొన్ని రకాలు పట్టించుకోవు, కొన్ని పెద్ద పగళ్లలో త్వరగా పూస్తాయి, మరికొన్ని చిన్న పగళ్లలో తొందరపడతాయి. మూడో తరగతికి చెందిన భారీ రకం గింజను మన శీతకాలంలో విత్తితే అది పొట్టిగానే పూసేస్తుంది. ఇందులో గింజ అమ్మినవారి మోసమూ లేదు, పెంచినవారి లోపమూ లేదు.

ఈ పరిమితుల మధ్య ఏ కాలం మెరుగు? తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు విత్తినవాటికి చల్లని రోజులు, నిర్మలమైన ఎండ, తక్కువ గాలి దొరుకుతాయి. వయసు మీరే వేగం తగ్గుతుంది. జనవరిలో విత్తితే పగళ్లు పెరుగుతూ వస్తాయి, కానీ పూత మార్చి, ఏప్రిల్ ఎండల్లో పడి గింజ కట్టడం దెబ్బతినవచ్చు. జూన్, జూలైలలో విత్తితే పగళ్లు పెద్దవే అయినా మబ్బులు, ఈదురుగాలులు, ఆకుమచ్చ తెగులు మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. ఎత్తే లక్ష్యమైతే, రెండు మూడు రకాల గింజలను నవంబరులోనూ, మళ్లీ జనవరిలోనూ కొద్దికొద్దిగా విత్తి, ఆ పెరట్లో ఏది ఎంత ఎదుగుతుందో పోల్చుకోవడమే నమ్మదగిన మార్గం. ఎక్కడ పెంచినా మూడు మీటర్లు వస్తుందని పొట్లం మీద రాసిన అంకెను నమ్మడం కంటే అది మేలు.

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పెరటి తోటలు పెంచే తెలుగువారి పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ అడ్డంకి మంచు. డాలస్ ప్రాంతంలో మార్చి చివరికే నేరుగా విత్తుకోవచ్చు. న్యూజెర్సీలో మే నెల దాకా ఆగాలి. బ్రిటన్‌లో వసంతం చల్లగా ఉండటమే కాక, రాత్రికి రాత్రి మొలకలను నమిలేసే నత్తగుల్లలు, స్లగ్‌లు తోటలనిండా ఉంటాయి. అందుకే ఏప్రిల్‌లో ఇంటి లోపల కుండీల్లో మొలకెత్తించి, మే చివర నాటడం అక్కడి ఆనవాయితీ. చల్లని వాతావరణంలో మొక్క వయసు నెమ్మదిగా మీరుతుంది కాబట్టి నారు జాప్యం వల్ల జరిగే నష్టమూ అక్కడ తక్కువ. ఆ దేశాల వీడియోల్లో చూపే పద్ధతిని యథాతథంగా విజయవాడలోనో కరీంనగర్‌లోనో పాటిస్తే ఫలితం తారుమారు కావడానికి కారణం ఇదే.

నారు తప్పనిసరైనప్పుడు

మన దగ్గర కూడా నేరుగా విత్తడం కుదరని సందర్భాలున్నాయి. పెట్టిన గింజను ఉడుతలు తవ్వుకుపోతాయి, చీమలు తొలుస్తాయి, పిట్టలు బీజదళాలను తుంచేస్తాయి. పెద్ద వాన పడి ఎండ కాస్తే ఎర్రనేల పైన పొర కట్టి మొలకను బయటికి రానివ్వదు. పొట్లంలో పదే గింజలుండి, ఒక్కొక్కటి ఖరీదైనదైనప్పుడు ఎవరైనా నేలకు వదలడానికి వెనకాడతారు. అడుగు కోసిన రెండు లీటర్ల సీసాను బోర్లించి, మూత తీసి గింజ మీద పెడితే వీటిలో సగం సమస్యలు తీరిపోతాయి. అయినా నారే కావాలనుకుంటే పాత్ర లోతు, నాటే రోజు రెండే కీలకం.

పాత్రకు పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల లోతు అవసరం. పొడవాటి గ్లాసు చుట్టూ పాత వార్తాపత్రికను రెండు చుట్లు తిప్పి, అడుగు మడిచి, గ్లాసు బయటికి లాగితే కాగితం గొట్టం మిగులుతుంది. అందులో సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), సగం జల్లించిన వర్మికంపోస్టు నింపి, గింజను రెండున్నర సెంటీమీటర్ల లోతున పెట్టాలి. మరీ పైన పెడితే మొలక తలమీద గింజ పొట్టు టోపీలా అతుక్కుని బీజదళాలను విప్పుకోనివ్వదు. సరైన లోతులో మట్టి రాపిడికి ఆ పొట్టు కిందే ఊడిపోతుంది. అతుక్కున్నదాన్ని గోటితో లాగితే బీజదళం చిరిగే ప్రమాదం ఉంది. నీళ్లు చిలకరించి తడిపితే ఒకటి రెండు రోజుల్లో తానే వదులుతుంది.

మొలకెత్తిన క్షణం నుంచి పూర్తి ఎండ కావాలి. కిటికీ పక్కన పెట్టిన మొలకలు వెలుతురు కోసం సాగి, తీగలా సన్నబడి వాలిపోతాయి. కుండీని రోజూ తిప్పడం కూడా మంచిది కాదు. లేత పొద్దుతిరుగుడు పగలు కాండానికి తూర్పు పక్కన, రాత్రి పడమటి పక్కన ఎక్కువగా పెరుగుతూ సూర్యుణ్ని అనుసరిస్తుందనీ, ఈ కదలికను మొక్క లోపలి జీవగడియారం నడిపిస్తుందనీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2016లో వెల్లడించింది. అందులో దిశ మార్చి ఆ కదలికను అడ్డుకున్న మొక్కల పెరుగుదల సుమారు పదో వంతు తగ్గింది. మొదటి రోజు నుంచీ ఒకే దిశలో, ఆరుబయట ఉంచడం దీనికి విరుగుడు.

నాటే రోజును క్యాలెండర్ కంటే మొక్కే బాగా చెబుతుంది. బీజదళాల పైన తొలి జత అసలు ఆకులు విప్పుకుని, రెండో జత ఇంకా మొగ్గలా మూసి ఉన్నప్పుడు నాటాలి. మన వాతావరణంలో ఇది గింజ పెట్టిన పది నుంచి పద్నాలుగు రోజులకు వస్తుంది. ముందు రోజు రాత్రి గొట్టానికి నిండుగా నీరు పెట్టి, మర్నాడు సాయంత్రం ఎండ వాలాక, కాగితంతో సహా గుంతలో దించాలి. అడుగు మడతను మాత్రం చింపాలి. కాగితం పై అంచు మట్టి మీద కనిపించకూడదు. బయట మిగిలిన అంచు వత్తిలా తేమను గాలిలోకి లాగేసి లోపలి మట్టిని ఎండబెడుతుంది. మొక్కను పట్టుకోవలసి వస్తే ఆకు పట్టుకోవాలి, కాండం పట్టుకోకూడదు. ఆకు నలిగితే మరొకటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. తర్వాతి రెండు మూడు రోజులు మధ్యాహ్నం ఎండ తగలకుండా పడమటి పక్కన వేపరొట్ట గుచ్చితే చాలు.

నాలుగైదు జతల ఆకులు వేసి ట్రేలో ముదిరిన నారు ఇప్పటికే చేతిలో ఉంటే, దాన్ని భారీ మొక్కగా మార్చే ఉపాయం లేదు. దాన్ని చిన్న పువ్వు కోసం ఒక మూలన నాటి, ఎత్తు కోసం కొత్త గింజ నేరుగా పెట్టడం మంచిది. రెండూ పక్కపక్కనే ఉంటే ఆలస్యంగా పెట్టిన గింజ ముందు నాటిన నారును దాటిపోవడం కొత్తేమీ కాదు.

నేల లోతు, ఊతం, నీరు

మిద్దె తోటల్లో ఎక్కువగా వాడే పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులో పట్టే మట్టి సుమారు 22 లీటర్లు. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్విన గుంతలో సుమారు 226 లీటర్ల మట్టి పడుతుంది, దాని కింద ఇంకా నేల ఉంటుంది. చిన్న సంచిలో వేరు గోడను తాకగానే, నీరు ఎరువు పుష్కలంగా ఉన్నా పైభాగం పెరుగుదల తగ్గిపోతుంది. మిద్దె మీద పెంచక తప్పనివారికి రెండడుగుల సంచి కనీస అవసరం. తోటమట్టితో నింపి తడిపితే దాని బరువు రెండు వందల కిలోలు దాటుతుంది కాబట్టి దూలం మీద పడేలా పెట్టాలి. మిద్దె మీది గాలిని కూడా కలుపుకుంటే, అక్కడ ఆరేడు అడుగులు సాధించడమే గొప్ప విషయం.

పెరట్లో గుంత తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, విత్తడానికి రెండు వారాల ముందే తడిపి ఉంచితే మట్టి కుదురుకుంటుంది. మాగని పేడ వేడికి లేత వేరు మాడుతుంది. ఊతకర్రను మొక్క పెద్దయ్యాక గుచ్చితే వేర్లు తెగుతాయి. విత్తిన రోజే వెదురు బొంగు పాతి, తర్వాత జనపనార తాడును ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. కాండం కొద్దిగా ఊగే వీలుంటేనే అది లావెక్కుతుంది. పోషకాల్లో పొద్దుతిరుగుడు ప్రత్యేకంగా కోరేది బోరాన్. అది లోపిస్తే లేత ఆకులు ముడుచుకుని, పువ్వు వికారంగా ఏర్పడుతుంది. ఆకర్షక పత్రాలు (పువ్వు అంచున ఉండే పసుపు రేకులు) విచ్చుకునే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయమని రైతులకిచ్చే సిఫారసు పెరటి మొక్కకూ వర్తిస్తుంది. బోరాక్స్‌ను ముందు కాస్త వేడినీటిలో కరిగించాలి, చల్లని నీటిలో అది సరిగా కరగదు.

తెగుళ్లలో మన ప్రాంతానికి ప్రత్యేకమైనది నెక్రోసిస్. 1997 ప్రాంతం నుంచి కర్ణాటక, ఆంధ్ర పొద్దుతిరుగుడు పొలాలను తీవ్రంగా దెబ్బతీసిన ఈ తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను పాడుచేసిందీ ఇదే వైరస్. ఇది వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఉండి, ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకున్న తామర పురుగుల ద్వారా పంటకు చేరుతుంది. కొన మెలితిరిగి నల్లబడితే, ఉన్న ఒకే కొనమొగ్గ పోయినట్టే. పెరటి గోడ అవతల ఖాళీ స్థలంలో వయ్యారిభామ ఉంటే పూతకు రాకముందే పీకించడం మందుల కంటే మెరుగైన రక్షణ.

గింజ ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా దాచాలి

పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికా మొక్క. అక్కడి ఆదివాసులు నాలుగు వేల ఏళ్లకు పూర్వమే దాన్ని సాగులోకి తెచ్చారు. పదహారో శతాబ్దంలో ఐరోపా చేరి, రష్యాలో నూనె పంటగా ఎదిగి, అక్కడి పెద్ద పువ్వుల రకాలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మమ్మత్ రష్యన్ పేరుతో తిరిగి అమెరికా విత్తన దుకాణాలకు చేరాయి. భారతదేశానికి నూనెగింజల పంటగా వచ్చింది 1969లో, సోవియట్ యూనియన్ నుంచి. 1980లో బెంగళూరు నుంచి తొలి సంకర రకం బీఎస్‌హెచ్-1 విడుదలైంది. అప్పటి నుంచి మన పరిశోధన సాగిన దిశ తక్కువ ఎత్తు, తక్కువ కాలం, ఎక్కువ నూనె. మీటరుకు అటూఇటూ ఎదిగే మోర్డెన్ రకం ఇందుకు మంచి ఉదాహరణ. గాలికి పడిపోని, తొంభై రోజుల్లో కోతకొచ్చే పంట రైతుకు కావాలి. భారీ రకం లక్షణాలు ఆ అవసరానికి సరిగ్గా వ్యతిరేకం.

అందుకే విత్తనాల దుకాణంలో రైతుల కోసం అమ్మే సంకర గింజతో భారీ మొక్క రాదు. పక్షుల దాణాగా అమ్మే నల్లని చిన్న గింజలు నూనె రకానివి. భారీ రకాల గింజలు పెద్దవిగా, బూడిద తెలుపు చారలతో ఉంటాయి. అయితే చారలున్న ప్రతి గింజా భారీ రకం కాదు, తినడానికి పండించే మధ్యస్థ రకాలకూ అవే చారలుంటాయి. సూపర్ మార్కెట్లో దొరికే పొట్టు తీసిన, వేయించిన పప్పు విత్తనంగా పనికిరాదు.

మంచి ఎత్తు సాధించిన మొక్క దొరికితే దాని గింజను దాచుకోవడం విలువైన పని, ఎందుకంటే ఆ పెరటి వాతావరణంలో ఎదిగిన గుణం అందులో ఉంటుంది. పూత దశలో తేనెటీగలు తక్కువగా కనిపిస్తే, ఉదయం ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య మెత్తని గుడ్డతో పువ్వు మధ్యభాగాన్ని రోజు విడిచి రోజు సున్నితంగా రుద్దితే గింజ బాగా కడుతుంది. ఒకే పువ్వుతో సరిపెట్టకుండా, ఎత్తయిన రెండు మొక్కలుంటే ఒకదాని పుప్పొడిని మరొకదానికి అంటించడం ఇంకా మంచిది. పొద్దుతిరుగుడు పరపరాగ సంపర్కం జరిపే మొక్క కాబట్టి, పక్కనే పొట్టి రకాలు పూస్తుంటే తేనెటీగలు ఆ పుప్పొడినీ తెస్తాయి. దాన్ని ఆపడానికి పువ్వు విచ్చుకోకముందే పలుచని గుడ్డసంచి కట్టాలి. గింజ పాలు పోసుకున్నాక అదే సంచి రామచిలుకల నుంచి కూడా కాపాడుతుంది. పువ్వు వెనుక భాగం నిమ్మపండు పసుపులోకి తిరిగాక కోసి, నీడలో ఆరబెట్టాలి. కొత్త గింజకు ఒకటిన్నర నుంచి రెండు నెలల నిద్రావస్థ ఉంటుంది. ఫిబ్రవరిలో కోసిన గింజను మార్చిలో విత్తి మొలవలేదని పారేసేవారున్నారు. దాన్ని పొడి డబ్బాలో నీడన ఉంచి వచ్చే నవంబరులో విత్తితే మొలుస్తుంది.